వారానికి ఒక్కటే వేసుకోవాల్సిన గోలీ అమ్మ రోజూ వేసుకుంది. తప్పెక్కడ జరిగింది?

సైదాబాద్_రవి
అమ్మకు 58 ఏళ్ళు. రెండేళ్ళ నుంచి కీళ్ళవాతం. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, చెంబు కూడా పట్టుకోలేదు. కిందటి నెల కొత్త డాక్టర్‌కు చూపించాం. రెండు మందులు రాశారు. మెథోట్రెక్సేట్ 7.5 వారానికి ఒక్కటి, బుధవారం. ఫోలిక్ యాసిడ్ 5 ఏమో బుధవారం తప్ప మిగతా ఆరు రోజులూ. మూడు నెలలకు సరిపడా తీసుకోండి, మధ్యలో రక్తపరీక్షలు చేయించండి అన్నారు.

శనివారం రాత్రి మందులు తెచ్చాను. ఆదివారం నుంచి మొదలుపెట్టింది. తర్వాతి మంగళవారానికి నోరంతా పూసింది. మజ్జిగ తాగినా మంట. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాం. గురువారం జ్వరం వస్తే పరుగెత్తాం. తెల్లకణాలు 1,900, ప్లేట్‌లెట్లు 62,000కు పడిపోయాయి. డ్యూటీ డాక్టర్ మందుల కవర్లు చూడకముందే అడిగిన మొదటి మాట, "ఆ గోలీ రోజూ వేస్తున్నారా ఏంటి?" అవును, రోజూ వేసింది. తొమ్మిది గోలీలు.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. మెథోట్రెక్సేట్‌కు విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు ఇంటికొచ్చింది, మెత్తటి అన్నం తింటోంది.

చీటీ మీద రాసే ఉంది, కానీ ఆ రాత దేవుడికే తెలియాలి. బావ కేసు వేద్దామంటున్నాడు. నాకు కావాల్సింది అది కాదు. అసలు ఇలాంటివి జరగకుండా చీటీ రాసేటప్పుడే ఏం చెయ్యొచ్చు? మీ ఇళ్ళల్లో ఇలా జరిగిందా? ఆసుపత్రి పేరు, షాపు పేరు అడక్కండి, చెప్పను.

పెద్దాయన_63
ఇందులో ఆలోచించడానికేముంది? ముమ్మాటికీ డాక్టర్ తప్పే. ఏడు వందలు ఫీజు తీసుకుని ఏడు అక్షరాలు సరిగ్గా రాయలేరా? మా కాలంలో కాంపౌండరు సీసాకు కాగితం అంటించి గీతలు కత్తిరించి ఇచ్చేవాడు. ఒక గీత ఒక పూట. చదువురాని వాళ్ళు కూడా తప్పు తాగేవాళ్ళు కాదు.

ఇరానీ_చాయ్
డాక్టర్ ప్రేమలేఖ రాస్తే అమ్మాయి మెడికల్ షాపుకు వెళ్ళి చదివించుకుందట 😄

కౌంటర్_వెనక
ఈ జోకు బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ కట్టిన రోజుల నుంచీ ఉంది అన్నా, కొత్తది చెప్పు.

రవి గారూ, నేను 14 ఏళ్ళుగా మెడికల్ షాపులో చేస్తున్నా. మీ షాపు వెనకేసుకు రావట్లేదు. రెండు సంగతులు చెప్పండి. కవర్ల మీద పెన్నుతో ఏం రాసిచ్చారు? స్ట్రిప్ మొత్తం ఇచ్చారా, కత్తెరతో కోసి ఇచ్చారా? చీటీ కన్నా నాకు ఆ రెండింటి మీదే అనుమానం.

సైదాబాద్_రవి
కోసిచ్చినవి ఉన్నాయి. ఒకటి నిండు స్ట్రిప్, ఇంకోటి రెండు గోలీల ముక్క. కవర్లు ఇంట్లో ఉన్నాయి, సాయంత్రం చూసి చెప్తా.

ఓపీ_గది
నేను డాక్టర్‌నే, జనరల్ మెడిసిన్. చదివి ఊరుకోలేక రాస్తున్నా.

మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే. క్యాన్సర్‌లో వాడే లెక్క వేరు. వారం మందును రోజూ వేసుకోవడం అనే పొరపాటు ప్రపంచమంతా తెలిసిందే, ప్రాణాలు కూడా పోయాయి. అందుకే ఆ డ్యూటీ డాక్టర్ చూడకుండానే అడిగారు. నోటిపూత వచ్చిందంటే మూలుగలో రక్తకణాల తయారీ దెబ్బతింటోందని అనుమానించాలి. కిడ్నీలు కొంచెం బలహీనంగా ఉన్నవాళ్ళకైతే ఇంకా త్వరగా ముదురుతుంది. మీ అమ్మగారిని సమయానికి తీసుకెళ్ళారు.

ఇక రాత సంగతి. పెద్దాయన గారి కోపంలో న్యాయం ఉంది. కానీ నాకు చేతిరాత కన్నా భయం వేసేది చీటీలో లేని విషయాలు. మందు ఎందుకు వాడుతున్నామో ఎవరమూ రాయం. "కీళ్ళవాతానికి" అని ఒక్క మాట ఉంటే షాపులో వాళ్ళు రోజూ అని చదివినా ఆగుతారు. రెండోది, రోజు పేరు. "వారానికి 1" అని అంకెతో ఊరుకోకూడదు. "బుధవారం మాత్రమే" అని అక్షరాల్లో ఉండాలి.

నా తప్పు ఒకటి చెప్తా. గొంతు నొప్పితో ఒకాయన వచ్చాడు. "ఏ మందైనా పడదా?" అని అడిగాను. "అన్నీ పడతాయి సార్" అన్నాడు. అమాక్సిసిలిన్ రాశాను. సాయంత్రానికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు ఉబ్బి వచ్చాడు. వెంట వాళ్ళమ్మ. "చిన్నప్పుడు పెన్సిలిన్ సూది వేస్తే ఇట్లనే అయింది సార్. కానీ అది సూది కదా, మీరిచ్చింది గోలీ" అంది. అమాక్సిసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబమే అని ఆమెకు ఎలా తెలుస్తుంది? నేనే ప్రశ్న సరిగ్గా వేయలేదు. ఇప్పుడు "ఎప్పుడైనా గోలీకి గానీ, సూదికి గానీ, సిరప్‌కు గానీ దద్దుర్లు, ఆయాసం, వాపు వచ్చాయా?" అని అడుగుతున్నా. పావు నిమిషం ఎక్కువ పడుతుంది.

పెద్దాయన_63
పావు నిమిషం ఎక్కువట! మొత్తం ఇచ్చేదే మూడు నిమిషాలు, అందులో రెండు ఫోన్‌లో మాట్లాడతారు.

ఓపీ_గది
అదీ నిజమే సార్. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా డెబ్బై మందిని చూసిన రోజు నా యాభయ్యో చీటీ నేనే చదవలేను.

జావా_బాబు
ఈ కాలంలో కూడా పెన్నూ కాగితం ఏంటండీ. కంప్యూటర్లో టైప్ చేసి ప్రింట్ తీస్తే సమస్యే లేదు. మాదాపూర్‌లో మేం ఆసుపత్రులకు చేసే సాఫ్ట్‌వేర్ అదే. రెండు మందులు ఒకదానికొకటి పడకపోతే ఎర్రగా హెచ్చరిక వస్తుంది.

రాత్రి_డ్యూటీ
వస్తుంది తమ్ముడూ. ఒక పేషెంట్‌కు పదకొండు ఎర్ర హెచ్చరికలు వస్తాయి. డాక్టర్లు చదవకుండా పదకొండూ నొక్కేస్తారు. నేను స్టాఫ్ నర్సుని, ఐసీయూలో ఆరేళ్ళు.

ప్రింట్ వచ్చినంత మాత్రాన తప్పులు పోవు. రాత తప్పు పోయి వేలి తప్పు వస్తుంది. మొదటి నాలుగు అక్షరాలు కొడితే జాబితా దిగుతుంది కదా, అందులో కింది పేరు మీద వేలు పడుతుంది. పెన్సిలిన్ కొట్టబోతే పెనిసిలమిన్ వస్తుంది. అదేమో వేరే జబ్బు మందు. అచ్చులో నీట్‌గా వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. పిచ్చి రాతైతే కనీసం ఫోన్ చేసి అడుగుతాం.

మా దగ్గర ఫోన్‌లో చెప్పిన ఆర్డర్ రాసుకున్నాక తిరిగి చదివి వినిపించాలి. "పదిహేను, ఒకటి ఐదు" అని అంకెలు విడదీసి చెప్పాలి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. అర్ధరాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్న సీనియర్‌కు తిరిగి చదివితే విసుక్కుంటారు. విసుక్కున్నా చదువుతా.

జావా_బాబు
సరే అక్కా, హెచ్చరికలు తగ్గించమని మా వాళ్ళకు చెప్తా 😅

రాత్రి_డ్యూటీ
తగ్గించడం కాదు. ప్రాణం మీదికి వచ్చేవి నాలుగుంటే ఆ నాలుగూ ఆపాలి. మెథోట్రెక్సేట్‌కు "రోజూ" అని కొడితే ముందుకు పోనివ్వకూడదు. కావాలంటే కారణం టైప్ చెయ్యమనండి.

శ్రావణి_ఫార్మ్‌డి
ఈ చర్చలోకి నేను రాకపోతే నా ఆరేళ్ళ చదువు దండగ. ఫార్మ్‌డి అనే మందుల కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది. ఉద్దేశం ఏంటంటే వార్డులో డాక్టర్ పక్కన నిలబడి డోసు, కిడ్నీ లెక్క, ఒకదానికొకటి పడని మందులు చూడటం. నా బ్యాచ్‌లో ముప్పై మంది ఉంటే వార్డులో ఉన్నది ఇద్దరం. మిగతా వాళ్ళు హైటెక్ సిటీలో అమెరికా వాళ్ళ సైడ్ ఎఫెక్టుల రిపోర్టులు టైప్ చేస్తున్నారు. అమ్మలక్కల మందులు చూసేవాళ్ళు లేరు, అవతలి దేశం వాళ్ళవి చూస్తున్నాం. సరే, నా ఏడుపు పక్కన పెడతా.

రవి గారూ, మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వడమే నాకు అన్నిటికన్నా పెద్ద తప్పుగా కనిపిస్తోంది. నాలుగు వారాలకు నాలుగే ఇచ్చి ఉంటే అమ్మగారు రోజుకొకటి చొప్పున వేసుకున్నా ఐదో గోలీ ఉండేది కాదు. "అయిపోయాయి" అని మీకు ఫోన్ చేసేవారు, అక్కడే బయటపడేది. నాలుగు గోలీలు కూడా మంచిది కాదు, కానీ తొమ్మిదంత కాదు.

ఇంకోటి, ఫోలిక్ యాసిడ్ 5 కూడా చాలా కంపెనీల్లో పసుపే, చిన్నదే. స్ట్రిప్ కోస్తే పేరున్న భాగం షాపులో ఉండిపోతుంది. మీ చేతికొచ్చేది పేరులేని గోలీ.

కౌంటర్_వెనక
నాలుగే ఇవ్వాలన్నది నిజం. మేం అలాగే ఇస్తాం. కానీ కస్టమర్లేమంటారో తెలుసా? "మళ్ళీ మళ్ళీ తిరగాలా, మొత్తం ఇచ్చెయ్" అని అరుస్తారు. పక్క షాపువాడు ఇచ్చేస్తాడు. ఇరవై శాతం డిస్కౌంట్ కూడా.

సైదాబాద్_రవి
ఇప్పుడే కవర్లు చూశాను. చేతులు వణికాయి.

రెండూ చిన్న తెల్ల కాగితం కవర్లు. నీలం పెన్నుతో తెలుగులోనే రాశాడు, పాపం స్పష్టంగానే ఉంది. ఫోలిక్ యాసిడ్ ఉన్న దాని మీద "బుధవారం 1". మెథోట్రెక్సేట్ ఉన్న దాని మీద "బుధవారం తప్ప రోజూ 1, రాత్రి అన్నం తిన్నాక". అటుదిటు అయింది. చీటీని ఫోన్‌లో పెద్దది చేసి చూశా. డాక్టర్ రెండు మందుల పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన రెండు చోట్లా బుధవారం అని ఇంగ్లీషులో రాసి బాణం గీతలు గీశారు. గీతలు ఒకదాన్నొకటి దాటాయి. ఏది ఏ మందుదో నాకు ఇప్పటికీ తేలట్లేదు.

పెద్దాయన_63
బాణాలు! రామ రామ.

శ్రావణి_ఫార్మ్‌డి
ఒక్క మాట అడుగుతా, బాధపడకండి. మెథోట్రెక్సేట్ 12 గోలీలు, ఫోలిక్ యాసిడ్ డెబ్బైకి పైగా ఉండాలి. పన్నెండున్న కవర్ మీద "రోజూ" అనీ, డెబ్బై ఉన్న దాని మీద "వారానికి ఒకటి" అనీ ఉంటే లెక్క కుదరదు కదా. షాపులో ఇచ్చేటప్పుడు ఎవరూ చూసుకోలేదా?

సైదాబాద్_రవి
అమ్మ చూసుకుంది.

ఆదివారం పొద్దున ఫోన్ చేసి అడిగింది. "ఒరేయ్, రోజూ వేసుకునేవి పన్నెండే ఉన్నాయి, వారానికోసారి వేసుకునేవేమో కుప్పగా ఉన్నాయి. సరిగ్గానే ఇచ్చాడా?" అని. నేను అప్పుడు ఎల్బీ నగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నా. "కవర్ మీద ఉన్నట్టు వేసుకో అమ్మా, అయిపోతే మళ్ళీ తెస్తా" అన్నాను.

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బావకు కూడా.

తార్నాక_సుధ
రవీ, మీరు తప్పు చేయలేదని నేను అనను, మీకు ఆ మాట ఊరటనివ్వదు కూడా. కానీ ఆ స్థానంలో ఎవరున్నా అదే జవాబు చెప్పేవాళ్ళు. నేనూ చెప్పాను, వినండి.

మామగారికి షుగర్. ఇన్సులిన్ సీసా ఎంఎల్‌కు 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. ఒకసారి ఎర్రవి అయిపోయాయని షాపులో నారింజ మూతవి ఇచ్చారు. సూది సన్నగా ఉంది, బాగుందనుకున్నాం. అది ఎంఎల్‌కు 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసిన సిరంజి. 20 గీత దాకా లాగితే వచ్చేది నిజానికి 8 యూనిట్లే. పది రోజుల్లో షుగర్ 380. డాక్టర్‌కు సిరంజి సంగతి తెలియదు, "20 సరిపోవట్లేదు, 30 చేద్దాం" అని రాశారు. సరిగ్గా ఆ వారమే మళ్ళీ ఎర్ర మూతవి దొరికాయి. ఈసారి నిజంగానే 30 యూనిట్లు పడ్డాయి. తెల్లవారుజామున నాలుగింటికి ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు, నన్నే గుర్తుపట్టలేదు. చక్కెర నీళ్ళు తాగించి పరుగెత్తాం.

మామగారు మొదటి రోజే అడిగారు, "మూత రంగు మారిందేంటి?" అని. "ఏదైనా ఒకటే మామయ్యా" అన్నది నేనే.

ఓపీ_గది
సుధ గారు చెప్పింది ప్రతి డాక్టరూ చదవాలి. డోసు పెంచేముందు "మీరు వాడే సిరంజి, సీసా పట్టుకురండి" అనాలి. చీటీలో సగం తప్పులు పాత డోసు నిజంగా ఒంట్లోకి వెళ్ళిందో లేదో తెలుసుకోకుండా కొత్తది రాయడం వల్లే వస్తాయి.

ఇన్సులిన్ రాసేటప్పుడు ఇంకో ప్రమాదం. యూనిట్లకు బదులు పొడి అక్షరం "యు" రాస్తారు. 4 పక్కన ఆ అక్షరం గుండ్రంగా పడితే 40 అయిపోతుంది. పూర్తిగా "యూనిట్లు" అని రాయాల్సిందే. దశాంశాలు కూడా అంతే. అర మిల్లీగ్రాము అంటే 0.5 అని ముందు సున్నా పెట్టాలి. ఒక మిల్లీగ్రాముకు 1.0 అని రాయకూడదు. చుక్క కనిపించకపోతే 10.

రాత్రి_డ్యూటీ
థైరాయిడ్ మందులో కూడా. 25 మైక్రోగ్రాములు, 125 మైక్రోగ్రాములు రెండూ ఉన్నాయి. ముందున్న ఒకటిని చీటీ మీద గీత అనుకుంటారు.

ఇరానీ_చాయ్
అందరూ బ్రాండ్ పేర్లు మానేసి మందు అసలు పేరు రాస్తే సగం గొడవ పోతుంది కదా? పేరు ఒక్కటే ఉంటుంది.

కోర్టు_పక్కన
పేరు గొడవ అంత తేలిగ్గా పోదు. న్యాయవాదిని, కొంచెం చెప్తా. 2001లో సుప్రీంకోర్టుకు ఒక కేసు వెళ్ళింది. క్యాడిలా పేరుతోనే ఉన్న రెండు కంపెనీల మధ్య. ఒకరి మలేరియా మందు ఫాల్సిగో, ఇంకొకరిది ఫాల్సిటాబ్. మందుల పేర్ల విషయంలో సబ్బులూ బిస్కెట్ల కన్నా కఠినంగా చూడాలి, పేరు పొరపాటైతే ప్రాణం పోతుంది అని కోర్టు చెప్పింది. 2019లో డ్రగ్స్ రూల్స్ మార్చి, మార్కెట్‌లో ఉన్న పేరును పోలిన పేరు పెట్టబోమని కంపెనీలు హామీ ఇవ్వాలన్నారు. అయినా కౌంటర్_వెనక గారిని అడగండి, ఒకే రకంగా వినిపించే పేర్లు ఎన్ని ఉన్నాయో.

చేతిరాత మీద కూడా రూలుంది. జెనరిక్ పేర్లు, అంటే మందు అసలు పేర్లు, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో భారత వైద్య మండలి (ఎంసీఐ) నిబంధన మార్చింది. 2023 ఆగస్టులో జెనరిక్ తప్పనిసరి అంటూ, ఎంసీఐ స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ ఎన్‌ఎంసీ కొత్త నిబంధనలు తెచ్చి, గొడవ అయ్యాక అదే నెలలో పక్కన పెట్టింది. చదవగలిగే చీటీ పొందడం రోగి ప్రాథమిక హక్కు అని 2025లో పంజాబ్-హర్యానా హైకోర్టు అంది.

రవి గారూ, కేసు వేయాలా వద్దా అనేది తర్వాత. చీటీ, రెండు కవర్లు, బిల్లు, రక్తపరీక్షల రిపోర్టులు, మిగిలిన గోలీలు ఒకచోట భద్రంగా పెట్టండి. ఫోటోలు కూడా తీసుకోండి.

కౌంటర్_వెనక
పేర్లు లెక్కపెడితే తెల్లవారుతుంది. జెనరిక్ పేర్లలో కూడా ఉన్నాయి. హైడ్రాలజిన్ బీపీకి, హైడ్రాక్సిజిన్ దురదకు. ఒకటే ఊపులో రాస్తే నడుమ అక్షరాలు మాత్రం తేడా.

శ్రావణి_ఫార్మ్‌డి
అందుకే కొన్ని చోట్ల తేడా ఉన్న అక్షరాలను మాత్రం పెద్దవిగా అచ్చువేస్తారు. బయట దేశాల్లో పేర్లే మార్పించారు. అమెరికాలో లోసెక్ అనే కడుపు మందును లాసిక్స్ అనుకుని ఇస్తున్నారని 1990లో దాని పేరు ప్రిలోసెక్ చేశారు. లాసిక్స్ అంటే మూత్రం ఎక్కువ పోయే మందు.

ఇరానీ_చాయ్
కడుపు మంటకని వెళ్ళి రాత్రంతా బాత్రూమ్‌లో 🙈

పాప_నాన్న
మాది చిన్న సంగతే, కానీ రాస్తా. పాపకు ఏడాదిన్నర, పది కిలోలు. రాత్రి జ్వరమొస్తే డాక్టర్‌కు ఫోన్ చేశాం. "పారాసెటమాల్ మూడు ఎంఎల్ వేయండి" అన్నారు. ఆయన మనసులో ఉన్నది 5 ఎంఎల్‌కు 250 మిల్లీగ్రాముల సిరప్. మా ఇంట్లో ఉన్నది చుక్కల మందు, ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములు. మా ఆవిడ సీసా మీద చదివి "ఇది మూడు వేస్తే 300 అవుతుంది, మరీ ఎక్కువ కాదా" అని ఆపింది. మళ్ళీ ఫోన్ చేస్తే ఒకటిన్నర ఎంఎల్ చాలన్నారు. మిల్లీగ్రాముల్లో చెప్పి ఉంటే తికమకే లేదు. ఎంఎల్ అంటే నీళ్ళ కొలత, మందు కొలత కాదు.

పెద్దాయన_63
ఆఖరి ముక్క నచ్చింది.

నా సంగతి కూడా చెప్పేస్తా, ఇందాకటి నుంచి డాక్టర్లను తిడుతున్నా కదా. నాలుగేళ్ళ కింద గుండె డాక్టర్ బీపీకి ఒక గోలీ ఇచ్చాడు. రెండు నెలలకు షుగర్ డాక్టర్ ఇంకో గోలీ రాశాడు. రెండు రంగులు, రెండు పేర్లు. ఇద్దరి చీటీలూ ఒకరికొకరికి చూపించలేదు. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నానని తెలిస్తే ఏమనుకుంటారో అని మొహమాటం. రెండింట్లోనూ ఉన్నది టెల్మిసార్టాన్ అనే ఒకే బీపీ మందు. ఒకరోజు మెట్లు దిగుతుంటే కళ్ళు తిరిగి రెయిలింగ్ పట్టుకుని కూలబడ్డా. మా మనవరాలు ఇంటర్ చదువుతోంది, అట్టపెట్టెలు తిప్పి చిన్న అక్షరాలు చదివి కనిపెట్టింది. పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, చీమల్లాంటి అక్షరాల్లో మందు పేరు.

ఓపీ_గది
మీరు అలా చెప్పినందుకు సంతోషం సార్. అన్ని మందులూ ఒక సంచిలో వేసుకుని రమ్మని అందుకే అంటాం. ఆయుర్వేదం, హోమియో, పక్కింటావిడ ఇచ్చిన నొప్పి గోలీ, అన్నీ. ఏ డాక్టరైనా సంచి చూసి విసుక్కుంటే డాక్టర్‌ను మార్చండి. నన్ను కూడా.

రాత్రి_డ్యూటీ
సంచి లేక జరిగింది ఒకటి చూశా. గుండెలో వాల్వ్ వేయించుకున్నావిడ, రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడుతోంది. విరేచనాలని వీధి చివర క్లినిక్‌కు వెళ్తే మెట్రోనిడజోల్ రాశారు. ఈవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ రెండూ కలిస్తే రక్తం మరీ పల్చబడుతుంది. పళ్ళు తోముకుంటుంటే రక్తం ఆగట్లేదని వచ్చింది. బతికింది.

శ్రావణి_ఫార్మ్‌డి
జరిగినవి రిపోర్ట్ చేయొచ్చని చాలామందికి తెలియదు. 2010 నుంచి కేంద్రం ఫార్మకోవిజిలెన్స్ (మందుల వల్ల జరిగే హానిని నమోదు చేసే) కార్యక్రమం నడుస్తోంది, టోల్ ఫ్రీ 1800-180-3024. డాక్టర్లే కాదు, ఇంట్లో వాళ్ళూ చెప్పొచ్చు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల జరిగే, ఆపగలిగిన తీవ్ర హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. సగం సంగతి అటుంచి, అసలు ఎన్ని జరుగుతున్నాయో లెక్కకు రావాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా.

జావా_బాబు
మా కంపెనీలో కూర్చుని మాట్లాడాం. వారం మందుల జాబితా పెట్టి, వాటికి రోజు పేరు ఎంచుకోకపోతే ప్రింట్ రాకుండా చేస్తున్నాం. పరీక్ష దశలో ఉంది. రాత్రి_డ్యూటీ అక్కకు థాంక్స్.

రాత్రి_డ్యూటీ
రోజు పేరు తెలుగులో కూడా వచ్చేలా చూడు.

సైదాబాద్_రవి
పది రోజుల తర్వాత రాస్తున్నా. అమ్మ తెల్లకణాలు 5,200కు వచ్చాయి. నోరు మానింది, నిన్న పులిహోర తింది.

డాక్టర్ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. చీటీ, కవర్లు టేబుల్ మీద పెట్టా. ఆమె బాణం గీతలు చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. సారీ చెప్పింది, అమ్మకు చెప్పింది, నాకు కాదు. ఆ పూట మిగతా పేషెంట్లకు కూడా రెండు మందులు వేరు వేరు చీటీల మీద రాసిందని అక్కడి అబ్బాయి చెప్పాడు. షాపుకు కూడా వెళ్ళా. కవర్ మీద రాసిన కుర్రాడికి పందొమ్మిదేళ్ళుంటాయేమో, ఫార్మసిస్టు కాదు. ఓనరు లేడు. కుర్రాడు ఏడ్చేలా ఉంటే ఏమనలేక వచ్చేశా. ఓనరుతో మాత్రం మాట్లాడేది ఉంది. బావకు ఆదివారం ఫోన్ సంగతి చెప్పేశా.

పెద్దాయన_63
అమ్మగారు మళ్ళీ ఆ మందు మొదలుపెడతారా?

సైదాబాద్_రవి
ఇంకో రెండు రక్తపరీక్షల తర్వాత చూద్దామన్నారు. మొదలుపెడితే నాలుగు వారాలకు నాలుగు గోలీలే తెస్తాం. అమ్మ మాత్రం గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో బుధవారాలన్నీ ఇప్పుడే ఎర్ర పెన్నుతో చుట్టేసింది.

కోర్టు_పక్కన
మిగిలిన మూడు గోలీలు పారేయలేదు కదా?

సైదాబాద్_రవి
లేదు సార్. అమ్మ కవర్లతో సహా పోపుల పెట్టె వెనక దాచింది. ఓనరుతో మాట్లాడేటప్పుడు తనూ వస్తుందట. పన్నెండు, డెబ్బై రెండు అని కాగితం మీద లెక్క కూడా రాసి పెట్టుకుంది.